గుమ్మం బయట చెప్పులు

పొద్దున్నే చూడ్డానికొచ్చిన డాక్టరుగారు "పాపని వార్డులోకి మార్చేద్దాం" అనగానే, ఐసీయూ బయట బెంచీ మీదున్న నేను లేచి నిలబడిపోయాను. ఆనాటి డైరీ తీసి చూస్తే ఇప్పుడు నా చేతిరాత నాకే చదవరావడం లేదు. ఇన్నేళ్ళలో ఏ పేజీలోనూ అలా గిలికింది లేదు.

మా మనవరాలికి అయిదేళ్ళు. నిమ్ము చేసి ఊపిరందకపోతే శ్రీకాకుళం తీసుకొచ్చి ఆసుపత్రిలో చేర్చాం. గొట్టాలన్నీ తీసేశాక, చక్రాల మంచం మీద వరండాలోకి వస్తూ అది అన్న మొదటి మాట: "తాతా, ఫేను తిరుగుతంది!" నాకు ఎగిరి గంతెయ్యాలనిపించింది. రాజాంలో ఉన్న మా ఆవిడకి ఫోను చేసి, "బయటికొచ్చీసింది! పల్చగా చోడి అంబలి కాచి పట్రా, డాక్టరు పెట్టమన్నాడు" అని అరిచాను. వరండా అంతా నావైపు చూసింది.

మందుల చీటీ పట్టుకుని వార్డుకి వచ్చేసరికి గుమ్మం బయట రెండే రెండు జతల చెప్పులు కనబడ్డాయి. లోపల అందరూ చెప్పులతోనే తిరుగుతున్నారు. ఆ జతలు మా అమ్మాయివి, అల్లుడివి. ఐసీయూలో అలవాటైన ప్రకారం చెప్పులు విడిచి, చేతులు కడుక్కుని, మంచం కాళ్ళవైపు చేతులు కట్టుకుని నిలబడ్డారిద్దరూ. ఐసీయూలో వాళ్ళని నిలబడమన్న చోటు అదే.

"ఏటే అలా నిలబడిపోనావు? పక్కన కూకో" అన్నాను.

"నాన్నా, ఇక్కడ ఆ టీవీలాంటి మిషను లేదు. ఊపిరి ఆగితే మనకెలా తెలుస్తాది?" అంది మా అమ్మాయి. అందరికీ పండగలా ఉన్న పూట దానికి మాత్రం వణుకు. మళ్ళీ ఐసీయూలోకే పంపించెయ్యమని అడిగేలా ఉంది.

అడగాల్సినవి నేను ముందే కాగితం మీద రాసుకున్నాను. నర్సమ్మ రాగానే ఒక్కొక్కటే చదివాను. కాగితం నా చేతిలో ఉంది కదా, ఆమె నాకే చెప్పసాగింది.

"నాకు కాదమ్మా, వాళ్ళమ్మకి సెప్పు" అని పక్కకి జరిగాను.

ఆమె మా అమ్మాయి చెయ్యి పట్టుకుని పిల్ల గుండెల మీద పెట్టింది. "మిషను అక్కర్లేకే కదా ఇక్కడికి తెచ్చినాం. సూడు, ఎంత నెమ్మదిగా ఆడతందో! పక్కటెముకలు లోపలికి లాగినా, పెదాలు నల్లబడినా వెంటనే నన్ను పిలు. లేదంటే పిల్లతో ఆడుకో."

మా అమ్మాయి చెయ్యి తియ్యలేదు. పిల్ల ఆ చేతిని పట్టుకుని, "అమ్మా, ఎత్తుకో" అంది. మా అమ్మాయి అనుమతి కోసం నర్సమ్మ మొహంలోకి చూసింది.

"నన్నడుగుతావేటి? నీ పిల్ల కాదేటి? సూది ఉన్న సెయ్యి జాగ్రత్త, అంతే."

ఎత్తుకుంది! ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది కూడా. అల్లుడు గోడవైపు తిరిగి కళ్ళు తుడుచుకున్నాడు.

మధ్యాహ్నం కావస్తుండగా మా ఆవిడ స్టీలు కేరేజీతో దిగింది. మా అమ్మాయి చెంచాతో కాస్త రాగి అంబలి పట్టింది. పిల్ల మింగి, మొహం చిట్లించి, "ఉప్పు లేదు" అంది.

"రాజాం నుంచి బస్సులో మోసుకొస్తే వంకలేటే నీకు!" అంది మా ఆవిడ. మా అమ్మాయి పకపకా నవ్వింది. ఆసుపత్రికొచ్చాక ఆ నవ్వు వినడం అదే మొదలు.

అల్లుడు ఉప్పుకోసం కేంటీనుకి పరిగెత్తబోయి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"మావయ్యా, నా సెప్పులు ఎవడో ఎత్తుకుపోనాడు!"

"పోనీ నాయనా! మన శని కూడా పట్టుకుపోనాడు" అంది మా ఆవిడ.

అల్లుడు ఉత్తకాళ్ళతోనే పరుగెత్తాడు. మా అమ్మాయి తలెత్తనైనా లేదు. రెండో చెంచా ఊదుతోంది.