ఖాయమేనా?

ఆఫీసులో అందరికీ ఆమె అక్క. పిడిగుద్దులు గుద్దినట్టే టైపు చేస్తుంది. ఊడిన ఎంటర్ కీని టేపుతో అతికించుకుంది. తను రాసుకున్న చిన్న కంప్యూటర్ స్క్రిప్టుల పేర్లూ అలాంటివే. పెద్ద ఫైలును ముక్కలు చేసేది "నరుకు", మొండికేసిన ప్రోగ్రామును ఆపేది "చంపు", పాత ఫైళ్లను తుడిచేసేది "తగలెట్టు". కానీ ప్రతిదీ పనిలోకి దిగేముందు "ఖాయమేనా?" అని అడిగి, జవాబు కోసం ఆగుతుంది.

ఒకరోజు పక్క సీటతను "తగలెట్టు"లోంచి ఆ ప్రశ్న తీసేసి, ఏవి పోతాయో చూసుకోకుండా నడిపాడు. పాత ఫైళ్లతోపాటు అందరూ రాస్తున్న కొత్త కోడూ పోయింది.

"ప్రతిసారీ అడుగుతుంటే చిరాకేసిందక్కా..."

మాట పూర్తికాలేదు. ఆమె అతని కాలరు పట్టుకుని మొహాన్ని బల్లకేసి కొట్టింది. పన్ను ఊడిపడింది, నెత్తురు కీల సందుల్లోకి దిగింది.

"అడిగితే నీ సొమ్మేం పోయిందిరా!" అంటూ మళ్లీ చెయ్యెత్తింది.

ఆ చెయ్యి మాత్రం ఎవరినీ ఏమీ అడగలేదు.