బెంచీ కాలి కింద పోయిన దిండ్లు

నా మోకాలికి కట్టిన ఈ పసుపు గుడ్డ చూసి నవ్వేవాళ్ళు నవ్వుకోండప్పా. మా బావమరిది నారెప్ప అప్పుడే శిడ్లఘట్ట దాకా ఈ కథ మోసేసినాడు, అదీ తోక తగిలిచ్చి. అందుకే ఉండేది ఉన్నట్లు నేనే చెప్తా.

వానికీ నాకూ పాతది ఒకటి ఉండాది. బాగేపల్లిలో వాని కూతురి పెండ్లప్పుడు, ఇంటి అల్లుణ్ణి, నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టినాడు. పాయసం సల్లారిపోయినాక తిన్నా. నేను అట్లాటివి మరిచే మనిషిని కాదు.

మొన్న నా మనవరాలు రూప బెంగళూరు నుంచి ఇస్కూలు రజాకి వచ్చినాది. చంకలో ఒక పలక, దాని కింద నాలుగు చక్రాలు. స్కేట్‌బోర్డంట.

"ఇది ఎక్కి ఏం చేస్తావు మా?"

"చూడు తాతా!"

మా ఇంటి ముందర కొత్త సిమెంట్ రోడ్డు పాల డైరీ దాకా దిగువకి పోతాది. రూప పైనుంచి ఒక్క కాలితో తోసింది. అంతే! చక్రాలు నేల మీద తిరగతాండాయో, గాలిలో పోతాండాయో తెలీలేదు. మనిషి ఒక పక్కకి ఒరిగితే పలక ఆ పక్కకి తిరగతాది. గొర్రెలు అడ్డమొస్తే పాము మాదిరి వాటి సందులో పోయినాది. నోరు తెరుచుకోని నిలబడిపోతి. అరవై ఏండ్లుగా బండ్లు చూస్తాండా, చుక్కాని లేకుండా, పగ్గం లేకుండా ఒరిగితే తిరిగే బండి ఇదే చూసేది!

బోర్లా తిప్పి చూస్తే ఇరుసుకీ పలకకీ నడాన అర వేలు మందం నల్ల రబ్బరు దిండ్లు, ఇరుసుకొకటి.

"ఇవి యాలమ్మా?"

"రైజర్ ప్యాడ్లు తాతా. మన రోడ్లకని పెద్ద చక్రాలు ఏసినా గదా, అందుకు."

అంతలో వాళ్ళవ్వ కేకేసింది, ఇద్దరూ చింతామణి బస్సుకి పోయినారు.

నేను కూర్చోని పొద్దు వాలేదాకా ఆలోచన చేస్తి. మనం ఎద్దులబండికి ఇరుసు బిగిస్తే నడాన కాగితం దూరకూడదు. బిగువు తెలీనోడే సందులో రబ్బరు పెడతాడు. బెంగళూరోళ్ళు పిల్లని మోసం చేసినారు! స్పానర్ తెచ్చి, నట్లు విప్పి, దిండ్లు పీకి, ఇరుసు పలకకి అతుక్కునేట్లు బిగిస్తి. చూసేకి ఎంత అందంగా ఉండాదో!

సరిగ్గా అప్పుడే నారెప్ప వచ్చి మా వాకిట్లో బెంచీ మీద కూర్చున్నాడు. బెంచీ లటక్‌మనింది.

"ఏం బావా, నీ మాట మాదిరే నీ బెంచీ కూడా ఒక కాలి మీద నిలబడదే!"

నాకు కాలింది. చేతిలో ఉండే దిండ్లు రెండూ ఒకదాని మీద ఒకటి పెట్టి బెంచీ పొట్టి కాలి కింద తోస్తి. "ఇప్పుడు ఊగు చూస్తాం!"

ఊగలా. నారెప్ప పలక వైపు చూసి మూతి తిప్పినాడు. "పిల్ల సామాను విప్పేస్తివి. సరిగ్గా బిగిస్తివో లేదో? పాపం, పిల్ల పడితే?"

ఇంక ఆగేదా? పలక రోడ్డు మీద పెట్టి, దాని మీద కూర్చోని, పంచె ఎగ్గట్టి, చేత్తో ఒక తోపు తోస్తి.

అబ్బా, ఏం చెప్పేది! రోడ్డే నా కింద వెనక్కి జారతాండాది. గోడలు పోతాండాయి, చెట్లు పోతాండాయి. దేవుడు తేరు మీద కూర్చుంటే ఇట్లనే ఉంటాదేమో అనిపిచ్చింది.

అంతలో డైరీ గేటు కాడ కోడి అడ్డమొచ్చింది. రూప మాదిరే ఒక పక్కకి ఒరిగితి. పలక ఒరిగి చక్రం మీద కూర్చునింది. గర్రుమనింది! చక్రం నిలిచిపోయినాది, పలక నిలిచిపోయినాది. నాకు మాత్రం ఎవరూ చెప్పలా. నేను పోయి, పట్టుపురుగులకని కోసి పెట్టిన ఆకు కుప్పలో పడితి.

బస్సు దిగి వస్తాండిన నా పెండ్లాం చూసి, "పురుగులకి ఆకెయ్యమంటే ఈ మనిషి తననే ఏసుకున్నాడే!" అనింది.

రూప ఉరికొచ్చి నా మోకాలు చూసి, నన్ను మా వాకిట్లోకి నడిపిచ్చుకోనొచ్చి, పలక తిప్పి చూసింది. పలక అడుగున చక్రం రాసుకున్న నల్ల గీత.

"తాతా, చిన్న గట్టి చక్రాలతో ఎగిరేవాళ్ళకి దిండు పల్చగా ఉన్నా చాలు, లేకున్నా సరే. నాది పెద్ద మెత్తని చక్రం. ఒరిగితే పలకకి తగలకుండా ఎత్తు ఉండాల. మరీ ఎత్తయితే ఊగులాడతాది. దేనికి తగింది దానికి."

అర వేలు రబ్బరు! దాంట్లో ఇంత లెక్క ఉండాదా అని నొప్పి కూడా మరిచి ఆ గీతనే చూస్తా కూర్చుంటి.

"సరే, ప్యాడ్లు యాడ పెట్టినావు తాతా?"

నేను పంచెకి అంటిన ఆకు దులుపుకుంటా ఉంటి. నారెప్పే లేచి, బెంచీ కాలు వైపు వేలు చూపిచ్చి, మళ్ళీ కుదురుగా కూర్చున్నాడు.

"తీయొద్దమ్మా రూపా, రాయి మాదిరి ఉండాది. మీ తాత పని అంటే పని!"

పెండ్లిలో నన్ను రెండో పంక్తిలో కూర్చోబెట్టినోడు, నేను పడేది మాత్రం మొదటి పంక్తిలో కూర్చోని చూసినాడు. ఆ బెంచీ ఊగకుండా కుదిర్చి పెట్టింది కూడా నేనే!