నేలవేము తాగి పెరిగిన ఒళ్ళు

లివర్‌కి కొవ్వు పట్టింది, కొలెస్ట్రాల్ కూడా ఉంది, రోజూ నడవమన్నాడు డాక్టరు. అందుకే ఈ రోజు తాల్‌బగీచా నుంచి గోల్‌బజార్ దాకా నడిసే ఎళ్ళినాను. అక్కడ క్యాప్సూల్స్ అమ్మే మన తెలుగాయన ఒకడు నన్ను కింద నుంచి మీద దాకా సూసి, దారికి అడ్డం వచ్చినాడు.

"అక్కా, కాల్‌మేఘ్ క్యాప్సూల్స్. నెల రోజుల్లో పొట్ట కరిగిపోద్ది."

"కాల్‌మేఘ్ అంటే మన నేలవేమే కదేటి? చిన్నప్పుడు ప్రతి ఆదివారం మా అమ్మ ముక్కు మూసి మరీ తాగించేది. అది తాగి పెరిగిన ఒళ్ళే బాబూ ఇది!"

"ఇది ఎక్స్‌ట్రాక్ట్ అక్కా, పవర్ ఎక్కువ."

"నా కాళ్ళకీ పవరుంది. తప్పుకో, నడవాలి."

వచ్చేటప్పుడు కూడా టోటో అనే బ్యాటరీ ఆటో ఎక్కలేదు. చిన్నప్పుడు నేలవేము తాగినోళ్ళు సెయ్యెత్తండి. ఒక్కరైనా సన్నగా ఉన్నారేటి?