సిరంజి చివర చెరువు

ఊళ్లో తెలుగు మీడియం హైస్కూల్లో జీవశాస్త్రం చెప్పి రిటైరయ్యాక, కూతురి దగ్గరికి ఢిల్లీ వచ్చేశాను. మయూర్ విహార్‌లో మూడో అంతస్తు ఫ్లాటు. ఇక్కడ నాకు మిగిలిన విద్యార్థి ఒక్కతే, నా మనవరాలు. ఎనిమిదో క్లాసు. తెలుగు చక్కగా అర్థమవుతుంది గానీ నోరు తెరిస్తే హిందీయే. "అన్నం తిన్నావటే?" అంటే "ఖా లియా నానీ" అంటుంది. తిన్నదన్న సంగతి తెలిసింది కదా, ఏ భాషలో తింటే నీకెందుకమ్మా అని మా అమ్మాయి తిరిగి నన్నే అంటుంది.

పిల్ల సైన్సులో వెనకబడిందని స్కూలు నుంచి కబురొచ్చినప్పుడు మా అమ్మాయి ట్యూషన్ మాటెత్తింది. నాకు ఒళ్లు మండింది. "ఇంట్లో నన్ను పెట్టుకుని ట్యూషనేమిటే?" అని జబ్బలు చరుచుకుని ముందుకొచ్చాను. తీరా కూర్చోబెడితే, దానికి తెలిసింది వంటింటి తెలుగు, నాకు తెలిసింది పాఠం తెలుగు. సరే, హిందీలోనే చెబుదాం, పోయేదేముంది అనుకున్నాను. నా హిందీ కూరగాయల బండి దగ్గరా మెట్రోలోనూ నేర్చుకున్నదే అయినా, సైన్సు మాటలన్నీ సంస్కృతం పుట్టింటివే కదా. మన త్వరణం వాళ్లకూ త్వరణే. మన పరమాణువు వాళ్లకూ పరమాణువే. కాబట్టి మన కణం వాళ్లకూ కణే అయి ఉంటుందని తీర్మానించేసి, "హమారా శరీర్ కరోడోఁ కణ్ సే బనా హై" అని, మన ఒళ్లు కోట్ల కణాలతో తయారైందని, దర్జాగా మొదలుపెట్టాను. పిల్ల బుద్ధిగా తలూపింది.

హిందీలో కణ్ అంటే ధూళి రేణువు. ఇసుక రేణువు. మనం కణం అనే జీవకణాన్ని వాళ్లు కోశిక అంటారు. ఆ ముక్క నాకు చెప్పిన నాథుడు లేడు. పైగా ఆ నెలలోనే స్కూల్లో, పదార్థమంతా పార్టికల్స్‌తో తయారవుతుందనే పాఠం కూడా నడుస్తోందట. రెండూ ఒకటేనని పిల్ల తన తెలివితేటలతో కలిపేసుకుంది. పరీక్షలో, మనుషులూ ఇటుకలూ ఒకే రకం పార్టికల్స్‌తో తయారవుతాయనీ, ఇటుకలోని ప్రతి పార్టికల్‌కీ మధ్యలో ఒక కేంద్రకం ఉంటుందనీ పేజీన్నర రాసి వచ్చింది. నేను చెప్పిన పాఠమే. ఒక్క పొల్లు పోకుండా రాసింది, పిచ్చిది.

ఆ పేపరు క్లాసులో చేతులు మారింది. పిల్లలకు ఇంతకంటే ఏం కావాలి? దాని పేరు "పార్టికల్" అయిపోయింది. ఇంటికొచ్చి బ్యాగు విసిరికొట్టి, "ముఝ్‌సే నహీ హోగా. మై హీ బుద్ధూ హూఁ" అని తలుపేసుకుంది. మార్కులు పోతే పోయాయి, నేనే మొద్దునని పిల్ల తన నోటితో తను అనుకునేసరికి నా గుండె కలుక్కుమంది. కాదే, మొద్దు నువ్వు కాదు, తప్పు మాట చెప్పింది నేను అని తలుపు ఇవతల నుంచి ఎంత మొత్తుకున్నా వినలేదు. "నానీ, ఆప్ మత్ పఢాయా కరో" అని మాత్రం లోపలి నుంచి వినిపించింది. ఇక పాఠాలు చెప్పొద్దట.

వాళ్ల సైన్సు మేడమ్ మంచావిడ. ఇంట్లో ఏదైనా ప్రయోగం చేసి క్లాసందరికీ చూపిస్తే ఆ మార్కులు కలుపుతానని కబురు పంపింది. మనవరాలు ససేమిరా అంది. ఆ నవ్విన మొహాల ముందు మళ్లీ నిలబడనంది. ఇప్పుడు బెదిరి పక్కకి తప్పుకుంటే ఈ పిల్ల జన్మలో సైన్సు వైపు చూడదు. నాకది తెలుసు. క్లాసులో ఒక్కసారి నవ్వులపాలై, ఆ తర్వాత ఎప్పటికీ చెయ్యెత్తని పిల్లల్ని ఎందరిని చూడలేదు నేను!

ఈలోగా ఢిల్లీకి ఏటా వచ్చే పొగమంచు దిగింది. బాల్కనీలోంచి చూస్తే ఎదుటి టవరు కూడా సగమే కనబడుతోంది. స్కూళ్లు మూసేసి, పాఠాలు ల్యాప్‌టాప్‌లో పెట్టారు. సైన్సు నేర్చుకోవడానికి మంచి వెబ్‌సైట్లివిగో అంటూ తల్లిదండ్రుల గ్రూపులో ఒక పట్టిక కూడా పంపారు. మా అమ్మాయికి ఆఫీసు పని, పిల్లకి అలక. తీరిక ఉన్నదాన్ని నేనే గనక, కళ్లజోడు పెట్టుకుని మధ్యాహ్నాలు ఆ పట్టిక ముందు కూర్చున్నాను.

మొదటిది తెరవగానే పాట. గుండెకాయకి కాళ్లూ చేతులూ పెట్టి గంతులేయిస్తున్నారు. గుండెకి కాళ్లేమిటర్రా, మీ మొహాలు మండా! ఇంకొకటి ముందు నా పేరడిగింది, తర్వాత ఫోన్ నంబరడిగింది, ఇంటికి పెళ్లిచూపులకొచ్చినట్టు వివరాలన్నీ అడిగి, చివరికి పాఠానికి డబ్బు కట్టమంది. మరోదాంట్లో ఒకాయన తరుముకొస్తున్నట్టు మాట్లాడతాడు. అర్థం చేసుకోవడానికి పిల్లలకు ఊపిరి పీల్చుకునే సందైనా ఇవ్వడు. ఒకటి మాత్రం నన్ను కూర్చోబెట్టింది. లోలకాన్ని ఊపి, భూమి బదులు చంద్రుడి మీద ఊపితే ఎలా ఉంటుందో మనచేతే మార్పించి చూపిస్తుంది. లోలకం తాపీగా, బద్ధకంగా ఊగుతుంటే, కాఫీ చల్లారిపోయేదాకా దాన్ని చంద్రుడి మీదికీ భూమి మీదికీ తిప్పుతూనే ఉన్నాను.

తర్వాత ఇంకో సైటు తెరిచాను. అందులో మాటల్లేవు, పాటల్లేవు. మైక్రోస్కోపు కింద తీసిన వీడియోలు మాత్రం వరుసగా ఉన్నాయి. ఒకదాని మీద నొక్కాను.

అమీబా.

ఏమని చెప్పను! ఉద్యోగం చేసినన్నాళ్లూ ఏటేటా బోర్డు మీద రంగు సుద్దలతో అమీబా బొమ్మ వేశాను. "అమీబాకు నిర్దిష్టమైన ఆకారం లేదు" అని ఏటేటా అదే వాక్యం చెప్పాను. మా స్కూల్లో మైక్రోస్కోపు ఉండేది, బీరువాలో, తాళం కింద. దాని అద్దానికి బూజు పట్టిందని ఎవరికీ ఇచ్చేవారు కాదు. బొమ్మలో అమీబా ఎప్పుడూ ఒకేచోట, పగిలిన పెంకులా ఉంటుంది. ఇక్కడ అది పారుతోంది! లోపలున్నదంతా ఒక పక్కకు ప్రవహించి, అక్కడ ఒక పాదం మొలిచి, ఆ పాదంలోకి ఒళ్లంతా నెమ్మదిగా జరిగిపోయి, వెనక ఉన్న పాదం మాయమైపోతోంది. ఆకారం లేదు అంటే ఇదా! ఇన్నేళ్లు నేను చెప్పింది ఇదా! నాకు ఒళ్లు జలదరించింది. "ఓరి భగవంతుడా" అని పైకే అనేశాను. కళ్లమ్మట నీళ్లు కారిపోతున్నాయి, తుడుచుకోవాలని కూడా తోచలేదు.

ఆ కేకకి మనవరాలు గదిలోంచి వచ్చింది. నాకేదో అయిందనుకున్నట్టుంది.

"క్యా హువా నానీ?"

"ఇటు రావే, ఇటు రా! ఆ కాలు చూడు. మిథ్యాపాదం!"

"మిథ్యా? మిథ్యా మత్‌లబ్ ఝూఠా?" అని కనుబొమలు ముడిచింది. "ఝూఠా పైర్?"

"అవునే! అబద్ధపు కాలు!"

అది చటుక్కున నా పక్కన కూర్చుంది. "సూడోపోడియా! సూడో మానే నకిలీ! ఓహో, తో యే వో హై!" అంది. స్కూల్లో నోరు తిరగక, అర్థం తెలియక బట్టీపట్టిన ఇంగ్లీషు మాట, నా తెలుగు మాటలోంచి, దాని హిందీలోంచి ఒక్కసారిగా తెరుచుకుంది. చెప్పొద్దూ, నాకూ అంతే. మిథ్యాపాదం అని ఎన్నివేల సార్లు అన్నానో. అందులో అబద్ధమూ కాలూ ఉన్నాయని ఆగి చూడలేదు. ఇద్దరం ఆ వీడియోని మళ్లీ పెట్టుకుని చూశాం. అది ఏదో పచ్చటి చుక్కని చుట్టుముట్టి మింగేసింది. పిల్ల నా చెయ్యి గట్టిగా పట్టుకుంది.

ఆ పట్టికలో అడుగున ఉన్న సైటు, ఇంట్లో దొరికే వస్తువులతో ప్రయోగాలు చేయించేది. మైక్రోస్కోపు లేకుండానే చెరువు నీళ్లలో జీవులను చూడొచ్చని అందులో ఉంది. సూది తీసేసిన సిరంజిలో నీళ్లు నింపి, దాని కొసన ఒక బొట్టు వేలాడదీయాలి. చీకటి గదిలో ఆ బొట్టు గుండా లేజర్ లైటు వేస్తే, బొట్టే భూతద్దమైపోయి, లోపల ఉన్న వాటి నీడలు గోడ మీద పడతాయి. నేను నమ్మలేదు. "కరేఁ?" అంది మనవరాలు, చేద్దామా అని. ఆ ఒక్క మాట కోసం పడిగాపులు కాస్తున్నదాన్ని, ఇక ఆగుతానా! సిరంజి మందుల షాపులో దొరికింది, లేజర్ లైటు బజార్లో బొమ్మల దుకాణంలో. మాస్కులు పెట్టుకుని పార్కులో కుంట దగ్గరికి వెళ్లి సీసాడు పచ్చనీళ్లు పట్టుకొచ్చాం. ఆ నీళ్లు చూసి మా అమ్మాయి ముక్కు మూసుకుంది. "అమ్మా, ఈ కంపేమిటి?" అంటే "ప్రయోగం" అన్నాను.

తీరా మర్నాడు పొద్దున్న క్లాసు మొదలయ్యేసరికి పిల్ల మళ్లీ బిగుసుకుపోయింది. కర్టెన్లు వేసి, పుస్తకాల దొంతర మీద లేజర్ లైటు కట్టి, దాని మీట నొక్కి ఉండేలా బట్టల క్లిప్పు పెట్టి, ల్యాప్‌టాప్‌ని గోడవైపు తిప్పి అన్నీ సిద్ధం చేశాను. లైటు వంక నేరుగా చూడొద్దని నలుగురు పిల్లలకి చెప్పినంత గట్టిగా ఒక్కదానికే చెప్పాను. దాని వంతు వచ్చింది.

"నానీ, రెహ్‌నే దో" అని గొణిగింది, వదిలెయ్యమని.

"రెహ్‌నే దో లేదు, గిహ్‌నే దో లేదు. నొక్కు."

నొక్కింది. బొట్టు వేలాడినట్టే వేలాడి టప్పున కింద పడింది. ల్యాప్‌టాప్‌లోంచి కిసుక్కుమన్న నవ్వు. ఎవడో "పార్టికల్ గిర్ గయా!" అన్నాడు. నాకు వాడి చెవి మెలిపెట్టాలనిపించింది. పిల్ల పెదవి కొరుక్కుంది. ఏడుస్తుందనుకున్నాను. ఏడవలేదు. సిరంజిని మళ్లీ, ఈసారి మెల్లగా, ఊపిరి బిగబట్టి నొక్కింది. బొట్టు నిలిచింది. గోడంతా పచ్చటి వెలుగు పరుచుకుంది, ఈ చివరి నుంచి ఆ చివరికి. అందులో ఏమీ లేదు. నలకల నీడలు కొన్ని, అంతే.

ఎడమవైపు అంచు నుంచి ఒకటి వచ్చింది. అరచేయంత నీడ. చెప్పు ఆకారంలో ఉంది. పొర్లుకుంటూ, తిరుగుతూ, ఎక్కడికో పనున్నట్టు గోడకి అడ్డంగా వెళ్లింది. నలకకి కొట్టుకుని, ఆగి, వెనక్కి తగ్గి, పక్కకి తిరిగి, మళ్లీ బయల్దేరింది. దాని వెనకే ఇంకొకటి. ఆ వెనక ఇంకా చిన్నవి, లెక్కలేనన్ని.

"అమ్మమ్మా, బతికుంది! అమ్మమ్మా, కదులుతోంది చూడు!"

అది తెలుగులో అరిచింది. మైకు ఆన్‌లో ఉందన్న ధ్యాస కూడా లేదు. మనం పట్టించుకోకుండా దాటిపోయే ఆవగింజంత బొట్టులో, ఎవరూ చూడకుండా, ఇంత సందడి! మేం తిన్నప్పుడూ పడుకున్నప్పుడూ అలిగినప్పుడూ కూడా ఇది ఇలాగే నడుస్తూ ఉంది.

ల్యాప్‌టాప్‌లో ఎవరూ నవ్వలేదు. మూసి ఉన్న కెమెరాలు ఒక్కొక్కటే తెరుచుకున్నాయి. మొహాలన్నీ తెరకి అతుక్కుపోయి ఉన్నాయి. "బేటా, దాన్ని కదపకు" అని మేడమ్ మెల్లగా అంది, పసిపిల్ల నిద్ర లేస్తుందేమో అన్నట్టు. మనవరాలు గోడ దగ్గరికి వెళ్లి, నీడ వెంట వేలు పెట్టి నడుస్తూ చెప్పింది. ఇది పారామీషియం అయ్యుంటుందంది. దీని ఒళ్లంతా కలిపి ఒకటే సెల్ అంది. తినేదీ ఆ సెల్లే, తిరిగేదీ ఆ సెల్లే. "పూరా కా పూరా జానవర్, బస్ ఏక్ సెల్!" అంటుంటే దాని గొంతులో బెరుకు లేదు. మేడమ్ మార్కుల మాట ఏదో అంది గానీ, పిల్ల విన్నట్టు లేదు. ఆ కిసుక్కుమన్నవాడే సిరంజి ఎక్కడ దొరుకుతుందని రెండుసార్లు అడిగాడు.

క్లాసయ్యాక కర్టెన్లు తీశాను. బయట అదే పొగమంచు, కిటికీలు తెరవడానికి లేదు. సిరంజిలో మిగిలిన నీళ్లు సీసాలో పోసి, సీసాని సింకులో వంచబోయాను. మనవరాలు పరుగున వచ్చి నా చెయ్యి పట్టుకుంది.

"వద్దు అమ్మమ్మా" అంది తెలుగులోనే, మాటలు వెతుక్కుంటూ. "వాళ్లని... వాళ్లని ఇంటికి పంపిద్దాం."

వాళ్లు అని మనుషుల్నే అంటాం. పురుగునీ పిట్టనీ అది, అవి అంటాం. దిద్దుదామని నోరు తెరిచాను. అది సీసాని రెండు చేతులా గుండెకి ఆనించి పట్టుకుని నా మొహంలోకి చూస్తోంది.

"మాస్కు పెట్టుకో" అన్నాను. "వాళ్లని దింపేసి వద్దాం."