చెయ్యి వేసిన తాడు

ఆ రోజుల్లో ఖాళీగా కూర్చోవడం నాకు దొంగతనంతో సమానంగా అనిపించేది. (ఎవరి సొమ్ము దొంగిలిస్తున్నానో మాత్రం ఎప్పుడూ ఆలోచించలేదు.) విశాఖలో అక్కా బావల ఇంట్లో ఉంటూ ఉద్యోగం వెతుక్కుంటున్నాను. ఉక్కు కర్మాగారం వస్తోంది, మనుషులు కావాలట అని ఊరంతా చెప్పుకుంటున్న కాలం. కుళాయి దగ్గర పళ్లు తోముకుంటూ ఇంగ్లీషు మాటలు వల్లెవేసేవాణ్ణి. అన్నం తింటూ రేడియో వార్తలు వినేవాణ్ణి. ఏం కూర తిన్నావని అడిగితే చెప్పలేకపోయేవాణ్ణి. "ఈడు నిద్దర్లో కూడా ఏదో లాభం సూసుకుంతాడు" అనేది అక్క. బావ పోర్టులో క్రేను నడిపేవాడు. సెలవు దొరికితే పడవలో కాలువ దాటి, కొండ ఎక్కి దిగి, యారాడలో సముద్రం ముందు కూర్చుని వచ్చేవాడు. ఎందుకని అడిగితే "ఉట్టినే" అనేవాడు. ఆ జవాబుకి నాకు ఒళ్లు మండేది.

కర్మాగారం పనులు పట్టిన ఒక కంపెనీ నుంచి ఇంటర్వ్యూకి పిలుపు వచ్చింది. మధ్యాహ్నం రమ్మన్నారు. ఆ ఉదయం బావ నా మొహం చూసి, "రా బావా, యారాడ ఎల్లొద్దాం. బుర్ర సల్లబడద్ది" అన్నాడు. (మా వైపు బావమరిది కూడా బావే.) లెక్క వేసుకున్నాను. కొండ ఎక్కితే వ్యాయామం, సముద్రపు గాలి ఆరోగ్యం, దారిలో జవాబులు వల్లెవేసుకోవచ్చు. తిరిగొచ్చి బట్టలు మార్చుకునే సమయం కూడా మిగుల్చుకుందామని, ఉన్న ఒక్క తెల్లచొక్కా తొడుక్కుని, సర్టిఫికెట్లు చేతిసంచిలో పెట్టుకుని బయల్దేరాను. "సముద్రానికి ఎల్తన్నావా, పెళ్లికి ఎల్తన్నావా?" అంది అక్క.

యారాడలో బావ ఇసకలో కూర్చుని సముద్రాన్ని చూస్తున్నాడు. నేను పక్కన కూర్చుని గడియారాన్ని చూస్తున్నాను. కొంచెం అవతల జాలర్లు పెద్దవల లాగుతున్నారు. వలను పడవలో తీసుకెళ్లి సముద్రంలో గుండ్రంగా పరిచి, దాని రెండు కొసల తాళ్లనూ ఒడ్డుకు తెస్తారు. ఒక్కో తాడునీ ఒక్కో వరస మనుషులు లాగుతారు. చేతులకి మంచి కసరత్తని తోచింది. సంచి ఇసకలో పెట్టి, దగ్గరి వరసలో దూరి తాడు పట్టుకున్నాను. "ఒరే ఒరే, సెయ్యెయ్యకు!" అని వెనక నుంచి బావ అరిచేసరికే వేసేశాను.

కాసేపు లాగి వదలబోతే, ముందున్న ముసలమ్మ తల తిప్పింది.

"ఏటి బాబూ, ఒదిలేత్తన్నావ్?"

"పనుంది మామ్మా."

"పనున్నోడివి పట్టుకున్నావెందుకు? తాడు మీద సెయ్యేసినోడు వల ఒడ్డెక్కేదాకా ఒదలకూడదు. మద్దెలో ఎల్లిపోతే సేపలూ ఆడెనకే ఎల్లిపోతాయి."

వరసలో ఒక్కరూ నవ్వలేదు. నిజంగానే చెబుతోందని అర్థమైంది.

"ఎంతసేపు పడుతుంది?" అని అడిగాను.

"సేపల్ని అడుగు" అంది. అప్పుడు నవ్వారు.

బావ పరుగెత్తుకొచ్చి, "ఆడికి ఇంటర్వ్యూ ఉంది మామ్మా, ఆడి బదులు నాను లాగుతాను" అన్నాడు. "నువ్వూ లాగు. ఆడి సెయ్యి ఆడిదే" అంది ముసలమ్మ. బావ నా వెనక తాడు పట్టుకున్నాడు.

ఎండ ఎక్కుతోంది. వల ఇంకా చాలా దూరంలో ఉంది. కొండ ఎక్కాలి, దిగాలి, పడవ అందుకోవాలి. గట్టిగా లాగితే త్వరగా వస్తుందనుకుని, "బేగి, బేగి" అని అరుస్తూ పళ్లు బిగించి లాగాను. మా వరస ఊపందుకుంది. అంతలో అవతలి తాడు వాళ్లు కేకలు పెట్టారు. "ఎవడ్రా ఆ తెల్లసొక్కా? వల వంకర పోతంది! సేపలన్నీ పోతాయి!" వెనక నుంచి బావ, "మెల్లగా బావా. ఆళ్ల అడుగు సూసి అడుగెయ్యి" అన్నాడు.

వాళ్ల కాళ్లు చూస్తూ వెనక్కి అడుగు వేయడం మొదలుపెట్టాను. అది చేస్తూ ఇంకో పని చేయడం కుదరదు. నోటికి వచ్చిన జవాబులన్నీ ఎటో పోయాయి. కాళ్ల కింద ఇసక తడిగా, చల్లగా ఉంది. వరసలో వాళ్లు పాడుతున్నారు. ఎప్పటి నుంచి పాడుతున్నారో నేను వినలేదు. తాడు కొంచెం కొంచెంగా వస్తోంది. ఎంతసేపు లాగామో నిజంగా తెలియదు.

వల ఒడ్డెక్కగానే సంచి కోసం పరుగెత్తాను. నా కన్నా ముందు ముసలమ్మ దాన్ని పట్టుకుంది. "కష్టపడ్డావ్, ఉట్టి సేతుల్తో ఎల్తావేటి?" అని, నేను నోరు తెరిచేలోపు రెండు దోసిళ్ల చేపలు అందులో పోసేసింది.

కొండ ఎలా ఎక్కి దిగామో చెప్పలేను. రేవుకి చేరేసరికి పడవ ఒడ్డు వదిలింది. "ఓ బావా! ఆపు బావా!" అని మా బావ అరిస్తే పడవలో ఉన్న మగవాళ్లలో సగం మంది తిరిగి చూశారు. పడవవాడు తిట్టుకుంటూ వెనక్కి తెచ్చాడు.

నేను కంపెనీ ఆఫీసు వరండాలో అడుగు పెడుతుండగా నా పేరు పిలిచారు. లోపల ఇంటర్వ్యూ చేసేవాళ్లలో మధ్యలో కూర్చున్న కృష్ణా జిల్లా యాసాయన నా కాగితాలు రెండు వేళ్లతో ఎత్తి పట్టుకున్నారు.

"ఏమండీ, ఇది చేపల వాసనేనా?"

"అవునండీ."

"సర్టిఫికెట్ల నుంచా?"

"నా నుంచి కూడా అండీ."

వల్లెవేసిన జవాబు ఒక్కటీ గుర్తు రాక, తాడు సంగతి చెప్పాను. "మరి వదిలేసి రావచ్చుగా?" అన్నారు. "చెయ్యి వేసేశానండీ" అన్నాను.

ఆ ఉద్యోగం రాలేదు. (చేపల వల్లా, నా వల్లా అనేది ఇప్పటికీ తేలలేదు. తర్వాత ఇంకో ఉద్యోగం వచ్చింది. అది రిటైరయ్యేదాకా చేశాను.) ఆ సాయంత్రం అక్క చేపల పులుసు పెట్టింది. "చాలా బాగుంది, ఇదేం చేప?" అని అడిగాను. అక్క గరిటె పట్టుకుని నన్నే చూస్తూ నిలబడిపోయింది. రేడియో పెట్టలేదని అప్పుడు గమనించాను.

బావ ఈ వేసవిలో పోయాడు. కర్మకాండలు ముగిశాక ఒక ఉదయం నేను చెప్పులు వేసుకుంటుంటే, ఎక్కడికని అక్క అడిగింది. యారాడ అన్నాను. ఎందుకంది. "ఉట్టినే" అన్నాను.

అక్కడ ఇంకా వల లాగుతున్నారు. మనుషులు తగ్గారు. తాడు దగ్గరికి వెళ్తే ఒక యువకుడు నా నెరిసిన తల చూసి, "నీకెందుకు తాతా, సేనా సేపు పడద్ది" అన్నాడు. "నాకేటీ పన్లేదులే" అన్నాను. నా వెనక ఒక మనిషి పట్టేంత తాడు ఖాళీగా వదిలి, చెయ్యి వేశాను. నాలుగు అడుగులు వేశానో లేదో, అవతలి తాడు నుంచి కేక వినబడింది.

"ఓ తాతా, మెల్లగా! వల వంకర పోతంది!"

నాలో నేనే నవ్వుకుని, వాళ్ల కాళ్లు చూసుకుంటూ అడుగు తగ్గించాను.