సద్దు పెంచిన పాట

మడకశిర బస్టాండు వెనక సందులో హరినాథ్‌కు క్యాసెట్ల దుకాణం ఉండేది. చిన్నప్పుడు వాళ్ళ నాయన పాడైన రేడియో తీసుకుని హిందూపురంలో రిపేరు కొట్టుకు పోతే, వెంట వెళ్ళినవాడు ఆ కొట్లోనే కుదురుకుని పని నేర్చుకున్నాడు. పాటలో గరగర వినబడితే అతనికి ఒళ్ళు మండేది. చెడిపోయిన స్పీకర్లు మోగుతున్న పెళ్ళిలో విస్తరి ముందు నుంచి లేచి వచ్చేసిన రోజులున్నాయి. "ఈయనకుండేటివి చెవులు కాదు, పుండ్లు" అని భార్య సువర్ణ విసుక్కునేది.

వరుసగా వానలు ఎగ్గొట్టి చెనిక్కాయ చేలు ఎండిపోయిన ఆ ఏళ్ళలో, గొర్రెలు తోలుకుని ఊరూరా తిరిగే హనుమంతమ్మ అనే ముసలామె పాట అతని చెవిన పడింది. సగం తెలుగు, సగం కన్నడం. హరినాథ్ ఆమెను బతిమాలి బెంగళూరు తీసుకుపోయి ఒక స్టూడియోలో పాడించాడు. ఆమె పాడినవాటిలో తప్పిపోయిన గొర్రెను పిలిచే పాట ఒకటి ఉంది. గుట్ట అవతలి నుంచి ఎవరో కేకేసినట్టు సన్నగా మొదలవుతుంది. నడుమ గొంతు లేస్తుంది. చివరికి ఊపిరి చప్పుడే మిగులుతుంది. స్టూడియో ఇంజనీరు ఒక్కో పాట ఎంత పెద్దగా, ఎంత చిన్నగా వినిపించాలో పక్క పాటతో పోల్చి చూసి సరిచేశాడు. డిస్కు చేతికిస్తూ, "ఇంక దీన్ని కదిలించొద్దండీ. తక్కువగా ఉన్నచోట కావాలనే తక్కువ పెట్టినాను" అన్నాడు.

కొన్నాళ్ళకు ఎమ్‌పీత్రీ డిస్కులు వచ్చి క్యాసెట్ల బేరం పడిపోయింది. సువర్ణ తమ్ముడు దివాకర్ చిలమత్తూరు నుంచి కంప్యూటర్ తెచ్చి దుకాణంలో పెట్టాడు. పాటలను ఎమ్‌పీత్రీలోకి మార్చి, పాట పేరు, పాడినవాళ్ళ పేరు ఫైల్లో ఎక్కించి, ఆ డిస్కులు బస్సు డ్రైవర్లకూ మిగతావాళ్ళకూ అమ్మడం అతని పని. అట్లా పేరు ఎక్కిస్తే పాట మోగేటప్పుడు ప్లేయరు మీద ఆ పేరు కనబడుతుంది.

"అవ్వ పేరు సరిగ్గా పెట్టు. సద్దు జోలికి మాత్రం పోవద్దు" అని చెప్పి హరినాథ్ డిస్కు ఇచ్చాడు.

"సరే బావా" అన్నాడు దివాకర్.

ఒక పొద్దున హనుమంతమ్మను కంటి డాక్టరుకు చూపించడానికి హరినాథ్ హిందూపురం బస్సెక్కించి తానూ పక్కన కూర్చున్నాడు. డ్రైవరు యేసన్న పాట పెట్టాడు. రేకు డబ్బాలో రాళ్ళు వేసి ఊపినట్టుంది. మాట మాటకూ గొంతు పగిలి బర్రుమంటోంది. మెల్లగా రావలసిన మాటలూ, గొంతెత్తి పాడిన మాటలూ ఒకే ఎత్తున వచ్చి చెవుల్ని కొడుతున్నాయి. రెండో చరణం దాకా అది ఏ పాటో హరినాథ్‌కే తెలియలేదు.

హనుమంతమ్మ కొంగు చెవుల మీదికి లాక్కుంది. "ఎవురప్పా అది? అంత గొంతు చించుకుంటాండాది?"

హరినాథ్ తలెత్తి డ్రైవరు వైపు చూశాడు. ప్లేయరు మీద ఎర్రటి అక్షరాలు పాకుతున్నాయి. హనుమంతమ్మ పేరు లేదు. ‘దివాకర్ హిట్స్’ అనీ, వెనకాలే ఫోన్ నంబరూ.

"నీ పాటే అవ్వా" అన్నాడు.

ఆమె కొంగు తీసి మళ్ళీ విన్నది. "నేను ఇట్ల అరిసినానా? మంద బెదిరిపోదా?"

హరినాథ్ కిటికీలోంచి తుపుక్కున ఉమ్మాడు. అయినా నోట్లో చేదు పోలేదు.

సాయంత్రం దుకాణానికి రాగానే దివాకర్‌ను నిలదీశాడు.

"డ్రైవర్లు ఇనపడదు ఇనపడదు అంటాండారు బావా. మార్చేటప్పుడు అన్ని పాటలూ ఒకే సద్దుకు తెచ్చేదానికి ఒక గడి ఉంటాది, దాంట్లో టిక్కు పెట్టినా. సాలదని ఇంకొంచెం లేపినా. అందరూ అదే చేస్తాండారు."

"సద్దు కావల్లంటే డ్రైవరుకు చెయ్యి లేదా? తిప్పుకుంటాడు. నువ్వు ఫైల్లోనే లేచిన గొంతు తల నరికినాక, ఎవురు ఎంత తిప్పితే తిరిగొస్తాది? పేరు గూడా తినేసినావు గదరా, అసయ్యం లేదూ?"

"ఆ ముసిల్దాని పేరు ఎవురికి కావల్ల బావా?"

హరినాథ్ లేచి గుమ్మంలోకి పోయాడు. ఆ మనిషి పక్కన కూర్చోవడమే ఏవగింపుగా తోచింది. మర్నాడు కంప్యూటర్ వైర్లు చుట్టి, ఆటోలో పెట్టించి దివాకర్‌ను పంపించేశాడు.

తర్వాత వేరే కంప్యూటర్ తెచ్చుకుని స్టూడియో డిస్కు నుంచి పాటలన్నీ తానే మార్చాడు. సద్దు ఒకటి చేసే గడిలో టిక్కు పెట్టలేదు. ప్రతి పాటనూ అసలు డిస్కు పక్కన పెట్టి విని, ఎత్తు మారలేదని నమ్మకం కుదిరాకే హనుమంతమ్మ పేరు ఎక్కించాడు. ఆమెను పిలిపించి, దుకాణం తలుపు మూసి వినిపించాడు. గొర్రె పాట చివర ఊపిరి చప్పుడు వినబడగానే ఆమె తలూపింది.

"ఇది నేనే. మల్ల ఆ బస్సులో దాన్ని ఏం జేస్తావు నాయనా?"

ఏం చేయగలడు? అప్పటికే దివాకర్ చేసిన డిస్కు నుంచి ఇంకెవరెవరో నకళ్ళు తీశారు. గుమ్మఘట్ట దాకా జాతరల్లో, టీ కొట్లలో, ట్రాక్టర్లలో ఆ పగిలిన గొంతే మోగుతోంది. చెడ్డ డిస్కు తెస్తే మంచిది ఉత్తినే ఇస్తానని హరినాథ్ దుకాణం ముందు బోర్డు పెట్టాడు. వచ్చినవాళ్ళు తక్కువ. వచ్చినవాళ్ళలోనూ కొందరు నాలుగు రోజులకే, "ఇది మెత్తగా ఉండాదన్నా, మా పాతదే ఇయ్యి" అని తిరిగొచ్చారు. వాళ్ళ మొహాలు చూడబుద్ధి కాక డిస్కు బల్ల మీద పడేసి లోపలికి పోయేవాడు.

దివాకర్ హిందూపురంలో పెద్ద దుకాణం తెరిచాడు. హనుమంతమ్మ మళ్ళీ మైకు ముందు నిలబడనంది. హరినాథ్ బలవంతపెట్టలేదు. పాటలు అమ్మడం మానేసి రేడియోలు, మైకు సెట్లు బాగుచేసుకుంటూ బతికాడు.

యేసన్న మాత్రం ఒకరోజు వచ్చి మంచి డిస్కు అడిగాడు. పాతది వెనక్కివ్వలేదు.

"రెండూ ఎందుకప్పా?" అన్నాడు హరినాథ్.

"పోయేటప్పుడు జనం ఉంటారన్నా, వాళ్ళకు అదే కావల్ల. తిరిగొచ్చేటప్పుడు బస్సు ఖాళీ. అప్పుడు ఇది ఏసుకుంటా."

హరినాథ్‌కు నవ్వు రాలేదు. డిస్కు మీద గీతలు పడకుండా కాగితంలో చుట్టి అతని చేతికిచ్చాడు.