అమ్మ చదివిన ఉత్తరం

ఈ ఉదయం కవరుకు జిగురు రాస్తుంటే ఆ వాసనకు అమ్మ గుర్తొచ్చింది. అమ్మ ఒక యూనివర్సిటీ కాలేజీకి ప్రిన్సిపాల్. ఆఫీసు ఉత్తరాలు గుమస్తా టైపు చేస్తే సంతకం పెట్టేది. సొంత ఉత్తరాలు ఇంట్లో రాసుకుని, కవర్లు నాచేత అంటింపించేది.

నేను నాలుగో తరగతిలో ఉండగా ఆమె విద్యార్థిని స్వరూప జ్వరంతో చనిపోయింది. కబురు తెలియగానే అమ్మ ఓదార్పు ఉత్తరం మొదలుపెట్టింది. రాయలేక చించేసి, నన్ను వెంటబెట్టుకుని గని కార్మికులుండే సెంటినరీ కాలనీలో వాళ్ల క్వార్టరుకు వెళ్లింది.

స్వరూప తండ్రి బొగ్గుబాయి కార్మికుడు. చదువు రాదు.

"మీ కాలేజీ నుంచి కాయితం వచ్చింది మేడం. మా బిడ్డ గురించి ఏం రాసిండ్రో జర చదువుండ్రి" అన్నాడు.

అమ్మ కాగితం విప్పి కింది దాకా చూసింది. తర్వాత మెల్లగా చదివింది. "స్వరూప మంచి పిల్ల. క్లాసులో అందరికంటే ముందుండేది."

నేను పక్కనుంచి కూడబలుక్కుని చదివాను. స్వరూప కాలేజీకి రావడం లేదని, ఇలాగైతే పేరు కొట్టేస్తామని ఉంది. కబురు అందకముందు పంపిన ఉత్తరం అది. కింద అమ్మ సంతకం.

"ఇది నాకిస్తవా అన్నా?" అంది అమ్మ.

"ఇయ్య మేడం. బిడ్డ ఫోటో పక్కన పెట్టుకుంట" అని ఆయన ఏడ్చాడు.

తిరుగు బస్సులో అడిగాను. "అమ్మా, నీకు చదువుడు రాదా?"

"ఇయ్యాల రాలేదు బిడ్డా" అంటూ కొంగు మొహానికి అడ్డం పెట్టుకుంది.

అమ్మకు చదవడం రాలేదని తెలిస్తే ఉద్యోగం పోతుందని భయపడి నేనెవరికీ చెప్పలేదు. అమ్మ మాత్రం, ఆ కాగితాన్ని ఆయనకు ఇంకెవరైనా చదివి వినిపిస్తారేమోనని బతికున్నంతకాలం భయపడింది.